బ్యాంకు వేలానికి ముందే ఇల్లు మనమే అమ్ముకోవచ్చా? బాకీకి ధర సరిపోకపోతే ఏం చేయాలి?

గేటుకి బ్యాంకు నోటీసు అంటించిన రోజు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ముందు ఆ కాగితం చింపేస్తారు. బస్తీలో ఎవరైనా చూశారేమోనని కంగారు పడతారు. అమ్మీకి చెప్పొద్దంటారు, చెల్లెలి అత్తగారింటికి తెలియకూడదంటారు. ఇజ్జత్ పోతుందన్న భయంతో రెండు మూడు నెలలు గడిచిపోతాయి. చివరికి పేపర్లో వేలం ప్రకటన వచ్చినప్పుడు ఊరంతటికీ ఒకేసారి తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ.

ఆ రెండు మూడు నెలల్లో చేయగలిగిన పని ఒకటుంది. బ్యాంకు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఇల్లు మనమే అమ్మి, బాకీ కట్టేసి, మిగిలింది చేతికి తీసుకోవచ్చు. ఇంటి ధర బాకీకి సరిపోకపోతే, వచ్చిన డబ్బుతోనే ఖాతా మూసేయమని బ్యాంకుతో ఒప్పందానికి రావచ్చు. ఈ రెండో పద్ధతిని అమెరికాలో షార్ట్ సేల్ అంటారు. మన దేశంలో ఆ పేరుతో చట్టమేమీ లేదు. కానీ బ్యాంకు సమ్మతితో అమ్మకం, వన్ టైమ్ సెటిల్‌మెంట్ అనే ఓటీఎస్, ఈ రెండూ కలిస్తే ఫలితం దాదాపు అదే. అది ఎలా జరుగుతుంది, ఎప్పటిలోగా చేయాలి, ఎక్కడ మోసపోతాం అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు ఒక పదం గురించి

ఫోర్‌క్లోజర్ అనే మాట మన దగ్గర రెండు అర్థాల్లో వాడుతున్నారు. అమెరికా వార్తల్లో ఫోర్‌క్లోజర్ అంటే అప్పు కట్టనందుకు ఇల్లు జప్తు చేసి అమ్మేయడం. మన బ్యాంకు బ్రాంచిలో ఫోర్‌క్లోజర్ అంటే గడువుకి ముందే లోన్ మొత్తం కట్టేసి మూసేయడం. కాబట్టి బ్యాంకులో 'ఫోర్‌క్లోజర్ లెటర్' ఇవ్వమని అడగడానికి భయపడాల్సిన పని లేదు. ఈ రోజు లోన్ మూసేయాలంటే ఎంత కట్టాలో చెప్పే కాగితం అది. ఇల్లు అమ్మాలనుకుంటే మొదట చేతిలో ఉండాల్సింది అదే.

జప్తు, వేలం మన దగ్గర ఎక్కువగా 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద జరుగుతాయి. ఈ చట్టం ప్రకారం బ్యాంకు సివిల్ కోర్టులో దావా వేయకుండానే తాకట్టు ఇల్లు స్వాధీనం చేసుకుని అమ్మవచ్చు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు కూడా ఈ అధికారం ఉంది. ఇతర ఫైనాన్స్ కంపెనీల్లో 100 కోట్లు, ఆపైన ఆస్తులున్నవి 20 లక్షలు, ఆపైన అప్పుల విషయంలో దీన్ని వాడవచ్చు. గల్లీలో వడ్డీకి తిప్పే ప్రైవేటు ఫైనాన్షియర్‌కి ఈ అధికారం లేదు. అతను కోర్టుకి వెళ్లాల్సిందే. ఇంటికి తాళం వేస్తానని బెదిరిస్తే అది చట్టం కాదు, దౌర్జన్యం. వ్యవసాయ భూమికి కూడా సర్ఫేసీ వర్తించదు.

వాయిదా ఆగిన రోజు నుంచి వేలం దాకా

వాయిదా తప్పిన మర్నాడే ఇల్లు పోదు. ఏ మెట్టు మీద ఉన్నామో తెలిస్తే ఎంత టైముందో తెలుస్తుంది.

మొదటి 90 రోజుల్లో బ్యాంకు ఫోన్లు చేస్తుంది, మనుషుల్ని పంపుతుంది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో స్పష్టంగా చెప్పింది. బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది.

తర్వాత సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ నోటీసు వస్తుంది. 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టమని అందులో ఉంటుంది. దీనికి జవాబు రాసే హక్కు మనకుంది. లెక్కలో తప్పుందనో, టైము కావాలనో, ఇల్లు అమ్మి కట్టేస్తామనో రాయవచ్చు. మన ఉత్తరం అందిన 15 రోజుల్లో బ్యాంకు ఒప్పుకోకపోతే ఎందుకో కారణాలతో జవాబివ్వాలి.

ఇక్కడే చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. ఈ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక సమ్మతి లేకుండా ఇల్లు అమ్మకూడదు, లీజుకీ ఇవ్వకూడదు. గుట్టుగా ఎవరికో అగ్రిమెంట్ రాసిచ్చి అడ్వాన్స్ తీసుకుంటే సమస్య తీరదు, ఇంకో కేసు మొదలవుతుంది.

60 రోజులు దాటాక 13(4) సెక్షన్ కింద బ్యాంకు స్వాధీన నోటీసు అంటిస్తుంది. దాన్ని ఏడు రోజుల్లోగా రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక అయి ఉండాలి. ఇది చాలాసార్లు కాగితం మీద స్వాధీనమే, ఇంట్లో మనమే ఉంటాం. మనల్ని ఖాళీ చేయించి తాళం వేయడానికి బ్యాంకు సాధారణంగా మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకుంటుంది. బ్యాంకు చర్యలో తప్పుందనుకుంటే 45 రోజుల్లోపు డెట్స్ రికవరీ ట్రిబ్యునల్, అంటే డీఆర్‌టీకి వెళ్లవచ్చు. మన రెండు రాష్ట్రాల వారికి హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో డీఆర్‌టీలు ఉన్నాయి.

ఆ తర్వాత వాల్యుయర్‌తో ధర కట్టించి, రిజర్వ్ ధర పెట్టి, వేలం ప్రకటన ఇస్తారు. మొదటి వేలానికి 30 రోజుల నోటీసు ఉండాలి. ఎవరూ రాకపోతే మళ్లీ పెట్టే వేలానికి 15 రోజులు చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన తేదీ ఈ వేలం ప్రకటన తేదీ. పాత చట్టంలో అమ్మకం తేదీ వరకూ మొత్తం బాకీ, ఖర్చులు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఉండేది. 2016 సవరణ దాన్ని వేలం ప్రకటన వెలువడే వరకే అని కుదించింది. సుప్రీంకోర్టు కూడా 2023లో ఒక తీర్పులో ఇదే మాట ఖాయం చేసింది. 'వేలం రోజు పొద్దున డబ్బు తెస్తాం' అనే పాత భరోసా ఇప్పుడు పనికిరాదు. ప్రకటన వచ్చాక బ్యాంకు దయ మీద ఏదైనా జరగవచ్చేమో గాని, హక్కుగా అడగలేం.

మనం అమ్మితే ఎంత, వేలంలో ఎంత?

వేలంలో ధర ఎందుకు తగ్గుతుందో ముందు చూడాలి. 'ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా' అనే షరతు మీద అమ్ముతారు. ఇంట్లో మనుషులుంటే ఖాళీ చేయించే తలనొప్పి కొన్నవాడికి ఉంటుందేమోనని అనుమానం. పైగా వేలంలో గెలిచినవాడు 25 శాతం సొమ్ము అదే రోజు గాని, మర్నాటి పనిదినం లోపు గాని కట్టాలి. మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి, బ్యాంకు రాతపూర్వకంగా గడువు పెంచితే తప్ప. జీతం మీద లోన్ తెచ్చుకుని ఇల్లు కొనే మామూలు కుటుంబం ఇంత తొందరగా డబ్బు తేలేదు. అందుకే వేలానికి చేతిలో రొక్కం ఉన్న వ్యాపారులే ఎక్కువగా వస్తారు. వాళ్లు చౌకగా వస్తేనే కొంటారు.

ఊహించిన లెక్క ఒకటి చూద్దాం. ఇంటి మార్కెట్ ధర 60 లక్షలు. బాకీ 44 లక్షలు, వడ్డీ 9 శాతం. అంటే నెలకి సుమారు 33 వేల వడ్డీ.

మనమే నెలన్నరలో 57 లక్షలకు అమ్మాం అనుకుందాం. అప్పటికి బాకీ దాదాపు 44 లక్షల 50 వేలు. బ్రోకర్‌కి ఒక శాతం, అంటే 57 వేలు. చేతిలో మిగిలేది 11 లక్షల 93 వేలు.

అదే ఇల్లు ఎనిమిది నెలల తర్వాత వేలంలో 51 లక్షలకు పోయిందనుకుందాం. ఎనిమిది నెలల వడ్డీ 2 లక్షల 64 వేలు. వాల్యుయర్, పత్రికా ప్రకటన, లాయర్, కాపలా ఖర్చులు 86 వేలు అనుకుంటే బాకీ 47 లక్షల 50 వేలు. ఈ ఖర్చులన్నీ మన ఖాతాలోనే రాస్తారు. మిగిలేది 3 లక్షల 50 వేలు.

తేడా 8 లక్షల 43 వేలు. ఆ డబ్బుతో ఒక కుటుంబం అద్దె ఇంటి అడ్వాన్స్ కట్టి, పిల్లల ఫీజులు కట్టి, చిన్న వ్యాపారం మళ్లీ మొదలుపెట్టవచ్చు. దాచిపెట్టిన ఎనిమిది నెలల ఖరీదు అది.

వేలంలో ఇల్లు పోయినా, బాకీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము మనదే. చట్టం ప్రకారం బ్యాంకు దాన్ని హక్కుదారుకి ఇవ్వాలి. 'ఇల్లు పోయింది, ఇంకేముంది' అని వదిలేయకుండా లెక్క రాతపూర్వకంగా అడగండి.

ఇంటి ధర కన్నా బాకీ ఎక్కువైతే

ఇదే అసలు షార్ట్ సేల్ పరిస్థితి. షాపు కోసం ఇల్లు తాకట్టు పెట్టి పెద్ద లోన్ తీసుకున్నవాళ్లు, బిల్డర్ చెప్పిన ధరకి ఫ్లాట్ కొని తర్వాత ధర పడిపోయినవాళ్లు, రెండు మూడేళ్లు వడ్డీ పేరుకుపోయినవాళ్లు ఇందులో చిక్కుకుంటారు.

ఇల్లు వేలంలో పోతే బాకీ పూర్తిగా తీరిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వేలం సొమ్ము చాలకపోతే తక్కువ పడినదాని కోసం బ్యాంకు మన మీదా, జామీను ఉన్నవాళ్ల మీదా కేసు వేయవచ్చు. బాకీ 20 లక్షలు, ఆపైన అయితే డీఆర్‌టీలో, అంతకన్నా తక్కువైతే సివిల్ కోర్టులో. జామీను సంతకం పెట్టిన బావమరిదో, స్నేహితుడో కూడా మనతో సమానంగా బాధ్యుడే. ఇల్లు పోయి, బాకీ మిగిలి, చుట్టరికం కూడా చెడిపోయే పరిస్థితి ఇది.

అందుకే బ్యాంకుతో రాజీకి ఇదే సరైన సమయం. మళ్లీ ఊహించిన లెక్కే. ఇంటి ధర 36 లక్షలు, బాకీ 43 లక్షలు. ఏడాది తర్వాత వేలం వేస్తే ఖర్చులు పోగా తనకి 31 లక్షలే వస్తాయని బ్యాంకు అంచనా. అప్పుడు మనం కొనేవాడిని వెంటబెట్టుకుని వెళ్లి, ఇల్లు అమ్మిన 36 లక్షలు, బంధువుల దగ్గర తెచ్చిన ఒక లక్ష, మొత్తం 37 లక్షలు నెల రోజుల్లో కడతాం, ఖాతా మూసేయండి అంటే బ్యాంకుకీ లాభమే. మిగిలిన 6 లక్షలు వదులుకోవడానికి ఒప్పుకునే అవకాశం ఉంది.

అవకాశం మాత్రమే, హక్కు కాదు. ఓటీఎస్ ఇవ్వమని బ్యాంకుని కోర్టు బలవంతం చేయలేదని సుప్రీంకోర్టు 2021 డిసెంబర్‌లో తేల్చింది. అయితే ఇలాంటి రాజీలకు ప్రతి బ్యాంకుకీ బోర్డు ఆమోదించిన విధానం ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2023 జూన్‌లో చెప్పింది. కాబట్టి మేనేజర్‌ని బతిమాలడం కన్నా, మీ బ్యాంకు సెటిల్‌మెంట్ విధానం ప్రకారం మా దరఖాస్తు పరిశీలించండి అని రాసివ్వడం మంచిది. దరఖాస్తుతో పాటు ఆదాయం ఎందుకు పోయిందో చూపించే కాగితాలు జతచేయండి. ఉద్యోగం పోయిన ఉత్తరం, ఆస్పత్రి బిల్లులు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన పాస్‌పోర్టు స్టాంపు, షాపు మూసిన రికార్డు, ఏదున్నా సరే.

అమ్మే పని ఎలా చేయాలి

మొదట ఇంట్లో ఒక నిర్ణయం జరగాలి. ఆదాయం మూడు నాలుగు నెలల్లో తిరిగి వస్తుందనే నమ్మకం ఉంటే అమ్మొద్దు. గడువు పెంచి వాయిదా తగ్గించమని అడగండి. ఎన్‌పీఏ అయిన ఖాతా కూడా బకాయి పడ్డ వాయిదాలన్నీ పూర్తిగా కడితే మామూలు ఖాతాగా మారుతుంది. ఆదాయం రాదని తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా అమ్మకం మొదలుపెట్టాలి.

1. లోన్ స్టేట్‌మెంట్, ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకోండి. అసలెంత, వడ్డీ ఎంత, జరిమానా ఎంత అని విడివిడిగా చూడండి. ఆలస్యానికి పీనల్ వడ్డీ వేయకూడదు, పీనల్ చార్జీ మాత్రమే వేయాలి, దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ లెక్కించకూడదు అనే నియమం 2024 నుంచి అమల్లో ఉంది. వ్యక్తిగత గృహరుణం ఫ్లోటింగ్ వడ్డీ మీద ఉంటే ముందే మూసినందుకు చార్జీ కూడా వేయకూడదు.

2. ఇంటి ధర తెలుసుకోండి. ఇద్దరు ముగ్గురు బ్రోకర్లని అడగండి. అదే వీధిలో ఈమధ్య జరిగిన అమ్మకాలు చూడండి. మనసులో ఉన్న ధర, మార్కెట్ ఇచ్చే ధర వేరు.

3. బ్యాంకుకి ఉత్తరం రాయండి. ఇల్లు మేమే అమ్మి బాకీ కడతాం, ఇన్ని రోజులు వేలం చర్యలు ఆపండి, అమ్మకానికి రాతపూర్వక సమ్మతి ఇవ్వండి అని అడగండి. ఒక కాపీ బ్రాంచికి, ఇంకోటి నోటీసు మీద సంతకం పెట్టిన అధీకృత అధికారికి. రెండిటి మీదా అందినట్టు స్టాంపు వేయించుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

4. కొనేవాడికి లోన్ సంగతి మొదటే చెప్పండి. ఈసీ తీస్తే తాకట్టు ఎలాగూ కనిపిస్తుంది. దాచి అడ్వాన్స్ తీసుకోవడం ఒప్పందానికీ మంచిది కాదు, దీన్‌కీ మంచిది కాదు.

5. అగ్రిమెంట్‌లో డబ్బు దారి స్పష్టంగా రాయండి. కొనేవాడు బాకీ మేరకు సొమ్ము నేరుగా మన లోన్ ఖాతాలో వేయాలి. మిగిలింది మన ఖాతాకి. అతను లోన్ మీద కొంటుంటే అతని బ్యాంకు మన బ్యాంకు పేరు మీద డీడీ ఇస్తుంది.

6. ఓటీఎస్ అయితే ఆమోద ఉత్తరం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. అందులో ఎంత, ఏ తేదీలోపు, ఇదే పూర్తి తుది చెల్లింపు అని, మిగతా బాకీ కోసం మన మీద గాని జామీనుదార్ల మీద గాని చర్య ఉండదని, కేసులు వెనక్కి తీసుకుంటామని ఉండాలి. ఈ మాటలు లేకపోతే మళ్లీ అడిగి రాయించుకోండి. గడువు ఒక్కరోజు దాటినా ఒప్పందం రద్దయ్యే షరతు చాలా ఉత్తరాల్లో ఉంటుంది.

7. డబ్బు కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్, ఒరిజినల్ దస్తావేజులు తీసుకోండి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర తాకట్టు రద్దు చేయించండి. బ్యాంకు సెర్సాయ్ రికార్డులో కూడా తీసేయాలి. పూర్తి చెల్లింపు లేదా సెటిల్‌మెంట్ అయిన 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వకపోతే, ఆ ఆలస్యం బ్యాంకు వల్లే అయితే, రోజుకి 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. ఇది 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.

యజమాని గల్ఫ్‌లో ఉంటే, లేదా చనిపోతే

ఇల్లు ఎవరి పేరున ఉందో వాళ్ల సంతకం లేకుండా అమ్మకం జరగదు. యజమాని సౌదీలోనో దుబాయ్‌లోనో ఉంటే అక్కడి భారత ఎంబసీ లేదా కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించాలి. ఆ కాగితంలో ఇల్లు అమ్మే అధికారంతో పాటు బ్యాంకుతో సెటిల్‌మెంట్ చేసుకునే అధికారం కూడా రాయించండి. ఇది లేక నెలలు వృథా అవుతాయి.

అప్పు తీసుకున్న వ్యక్తి ఇంతకాలం చేసినట్టయితే, ముందు లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ తీసుకున్నారేమో చూడండి. చాలా హోమ్ లోన్లకు బ్యాంకు పాలసీ అంటగడుతుంది, ఇంట్లోవాళ్లకు ఆ సంగతే తెలియదు. పాలసీ లేకపోతే గుర్తుంచుకోవాల్సింది ఇది. షరీఅత్ ప్రకారం వరాసత్ పంచకముందే చనిపోయినవారి అప్పు తీర్చాలి. మన దేశంలో ముస్లిం లా కింద వారసులు తమకు వచ్చిన వాటా మేరకే ఆ అప్పుకి బాధ్యులు. అంటే కొడుకు కో-అప్లికెంట్‌గానో జామీనుగానో సంతకం పెట్టకపోతే, అబ్బా అప్పు కోసం కొడుకు సొంత సంపాదన మీదకి బ్యాంకు రాలేదు. ఇల్లు అమ్మాలంటే మాత్రం వారసులందరూ సంతకం చేయాలి. పెళ్లై వెళ్లిన కూతుళ్ల వాటా కూడా వాటానే. వాళ్లని పక్కనపెట్టి చేసిన అమ్మకం తర్వాత కోర్టులో నిలవడం కష్టం.

ఎక్కడ మోసపోతాం

నోటీసు పేపర్లో పడగానే కొందరు ఇంటికి వస్తారు. 'మీ బాకీ మేం కట్టేస్తాం, మీరు ఇంట్లోనే ఉండండి, ప్రస్తుతానికి ఒక సేల్ అగ్రిమెంటో జీపీఏనో రాసివ్వండి, డబ్బు తిరిగిచ్చినప్పుడు రద్దు చేసుకుందాం' అంటారు. ఆ సంతకంతో 60 లక్షల ఇల్లు 45 లక్షలకు వాళ్ల చేతిలోకి పోతుంది. అప్పు కోసం అమ్మకం కాగితం మీద సంతకం పెట్టొద్దు.

'బ్యాంకులో నాకు తెలిసినవాళ్లున్నారు, ఓటీఎస్ చేయిస్తా' అని కమిషన్ ముందే అడిగేవాళ్లు ఇంకొందరు. ఓటీఎస్ దరఖాస్తుకి మధ్యవర్తి అక్కర్లేదు.

మూడోది రొక్కం. ధరలో సగం కాగితం మీద, సగం నగదు అనే అలవాటు ఇక్కడ ఇంకా ప్రమాదం. ఇల్లు అమ్మేవాడు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. రాజీ అడిగినప్పుడు బ్యాంకు చూసేది కాగితం మీది ధరే. బయట నగదు తీసుకున్నట్టు తేలితే ఒప్పందం చెడుతుంది, కేసు కూడా పడవచ్చు.

పన్ను, సిబిల్

అమ్మిన సొమ్మంతా బ్యాంకుకే పోయింది కదా, పన్నేముంటుంది అనుకోవద్దు. కొన్న ధర కన్నా ఎక్కువకి అమ్మితే ఆ లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉంటుంది. మనమే పెట్టిన తాకట్టు బాకీని ఆ లాభంలోంచి తీసేయడానికి కుదరదు. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని కడతాడు. బ్యాంకుకి ఇవ్వాల్సిన లెక్కలో ఈ ఒక శాతం తక్కువ పడకుండా ముందే చూసుకోండి.

మొత్తం బాకీ కట్టేస్తే సిబిల్‌లో ఖాతా 'క్లోజ్డ్' అని వస్తుంది. పాత ఆలస్యాలు కనిపిస్తాయి గాని కొంతకాలానికి స్కోరు కోలుకుంటుంది. ఓటీఎస్ అయితే 'సెటిల్డ్' అని వస్తుంది. అది మచ్చే. రాజీ చేసుకున్న వ్యక్తికి అదే బ్యాంకు మళ్లీ అప్పు ఇవ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలని రిజర్వ్ బ్యాంకు 2023 మార్గదర్శకాలు చెప్పాయి. అయినా వేలం, కేసు, తీరని బాకీ కన్నా ఇది నయం.

వడ్డీ అప్పు, జకాత్, బంధువుల సాయం

ఈ విషయం మాట్లాడకుండా మన ఇళ్లలో ఈ చర్చ పూర్తికాదు. వడ్డీ లోన్ తీసుకున్నామన్న అపరాధ భావంతో చాలామంది మసీదు పెద్దలకి గాని, బంధువులకి గాని తమ కష్టం చెప్పుకోరు. చెబితే ముందు మందలింపే వస్తుందని భయం. కానీ కష్టంలో ఉన్న బాకీదారుకి వెసులుబాటు వచ్చేదాకా గడువు ఇవ్వమని సూరహ్ బఖరహ్ 280వ ఆయతు బోధిస్తుంది. జకాత్ అందుకోదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవారు ఒకరని సూరహ్ తౌబా 60వ ఆయతులో ఉంది. మీ పరిస్థితికి జకాత్ వర్తిస్తుందో లేదో నమ్మకమైన ఆలిమ్‌ని అడగండి. అడగడంలో సిగ్గు లేదు.

సాయం చేసేవాళ్లు కూడా ఒక లెక్క చూసుకోవాలి. ఆదాయమే లేని ఇంటికి నెల వాయిదా కోసం 30 వేలు ఇస్తే వచ్చే నెల మళ్లీ అదే సమస్య. అదే బంధువులు కలిసి ఓటీఎస్‌లో తక్కువ పడిన లక్ష ఖర్జె హసనాగా ఇస్తే ఆ కుటుంబం బాకీ నుంచే బయటపడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

షికాగోలోనో డల్లాస్‌లోనో ఇల్లు కొని ఉద్యోగం పోయినవాళ్లు ఫోన్లో షార్ట్ సేల్ గురించి చెబితే ఇక్కడి పెద్దలకు అర్థం కావడానికి నాలుగు మాటలు. అక్కడ సాధారణంగా 120 రోజులు బకాయి పడేదాకా ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. ఆ లోపే కష్టాన్ని వివరిస్తూ ఉత్తరం, ఆదాయం కాగితాలు, కొనేవాడి ఆఫర్ ఇస్తే బ్యాంకు బాకీ కన్నా తక్కువకి అమ్మడానికి ఒప్పుకోవచ్చు. తక్కువ పడిన సొమ్ము మాఫీ చేస్తున్నట్టు ఆ ఉత్తరంలో ఉందా లేదా అన్నదే అక్కడా కీలకం. మాఫీ అయిన సొమ్మును ఆదాయంగా చూసి పన్ను అడిగే అవకాశం ఉంది కాబట్టి పన్ను సలహా తీసుకోవాలి. అక్కడి కేంద్ర ప్రభుత్వ గృహ శాఖ గుర్తించిన హౌసింగ్ కౌన్సెలర్లని ఫోర్‌క్లోజర్ విషయంలో ఉచితంగా కలవవచ్చు.

ఎవరిని కలవాలి

బ్యాంకు జవాబివ్వకపోయినా, ఏజెంట్లు వేధించినా ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. టోల్ ఫ్రీ నంబర్ 14448. జిల్లా న్యాయసేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఇల్లు అమ్మీ పేరున గాని, భార్య పేరున గాని ఉంటే ఇది చాలా పనికొస్తుంది. బ్యాంకు బాకీల రాజీలు లోక్ అదాలత్‌లలో కూడా జరుగుతాయి. డీఆర్‌టీలో కేసు వేయాలంటే అక్కడ పనిచేసే లాయర్‌నే పెట్టుకోండి, 45 రోజుల గడువు మర్చిపోవద్దు.

నోటీసు వచ్చిన రోజు ఆ కాగితం చింపకండి. దాని మీది తేదీ చూసి, 60 రోజులు ఎప్పటితో అయిపోతాయో క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఆ రాత్రే ఇంట్లో అందరికీ చెప్పండి. మర్నాడు బ్యాంకుకి ఉత్తరం రాయండి.